గిటార్‌లో పలికేది ఏ చెక్క?



ఇంట్లోకి మొదటి గిటార్ కొనేటప్పుడు ఎవరూ పెద్దగా ఆలోచించరు. పిల్లవాడు నేర్చుకుంటాడో లేదో చూద్దామని తక్కువలో ఏదో ఒకటి తెస్తారు. చిక్కంతా రెండో గిటార్ దగ్గర వస్తుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక మాస్టారు "ఇక దీంతో కుదరదండీ, కాస్త మంచిది తీసుకోండి" అంటారు. ఆ కాస్త మంచిది అంటే 20 వేల నుంచి 50 వేల రూపాయల మాట. దుకాణంలో గోడనిండా వేలాడుతుంటాయి, అన్నీ మెరుస్తుంటాయి. దేనికి ఎందుకంత ధరో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. గిటార్ ఎలా పలుకుతుందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మనకే తెలుస్తుంది. ఇవాళ ఆ సంగతి చెప్పుకుందాం.

నేను మాట్లాడేది క్లాసికల్ గిటార్ గురించి, అంటే నైలాన్ తీగలున్న గిటార్. దీని మెడ వెడల్పు, పై కొసన దాదాపు 52 మిల్లీమీటర్లు. వేళ్లతో, గోళ్లతో మీటుతారు. ఉక్కు తీగల గిటార్ వేరే జాతి. ఆరు నైలాన్ తీగలు కలిసి లాగే బలం సుమారు 40 కిలోలు. ఉక్కు తీగలైతే 70 కిలోల దాకా పోతుంది. తీగ తెగితే, తెలియక నైలాన్ గిటార్‌కు ఉక్కు తీగలు కట్టకండి. పై పలక ఉబ్బుతుంది, తీగలు కట్టి ఉండే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

ఇక పలకడం సంగతి. తీగ సన్నగా ఉంటుంది. అది ఎంత ఊగినా చుట్టూ ఉన్న గాలిని కదిలించలేదు, గాలిని కోసుకుంటూ పోతుందంతే. ఒట్టి తీగను రెండు మేకుల మధ్య బిగించి మీటితే పక్క గదికి కూడా వినపడదు. గిటార్‌లో తీగ ఊపు బ్రిడ్జిలోకి దిగుతుంది, బ్రిడ్జి తన కింద ఉన్న పై పలకను ఊపుతుంది. అంత వెడల్పున్న పలక ఊగితే గాలి కదులుతుంది. పెట్టె లోపలి గాలి కూడా రంధ్రంలోంచి లోపలికీ బయటికీ ఊగుతూ మంద్ర స్వరాలకు బలం ఇస్తుంది. నమ్మకం కుదరకపోతే, ఎవరినైనా లావు తీగలు మీటమని, మీరు అరచేత్తో రంధ్రాన్ని సగం మూసి చూడండి. అడుగు స్వరాల నిండుదనం అప్పటికప్పుడే తగ్గుతుంది.

ఆ పలక మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. తీగల లాగుడుకు తట్టుకునేంత గట్టిగా ఉండాలి, చిటికెన వేలి మీటుకు కూడా ఊగేంత తేలిగ్గా ఉండాలి. ఈ రెండూ ఒక్కచోట దొరికేది స్ప్రూస్, సెడార్ లాంటి చలిదేశపు చెట్లలో. స్పెయిన్‌లోని అల్మెరియాకు చెందిన ఆంటోనియో దె టోర్రెస్ అనే వడ్రంగి పనివాడు, 1817లో పుట్టి 1892లో పోయినవాడు, ఈ రహస్యాన్ని పట్టుకున్నాడు. గిటార్ పెట్టెను పెద్దది చేశాడు, పలకను పల్చన చేశాడు, దాని అడుగున సన్నటి చెక్కపుల్లలను విసనకర్ర ఆకారంలో పరిచి బిగించాడు. ఇవాళ్టి క్లాసికల్ గిటార్ రూపం చాలావరకు ఆయనదే. 1862లో ఆయన ఒక పని చేశాడు. పై పలక మాత్రం మంచి చెక్కతో చేసి, వెనక భాగం, పక్కలు కాగితపు అట్టతో చేశాడు. పలికేది పై పలకేనని రుజువు చేయడానికి. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. గిటార్ కొనబోయే ప్రతివాళ్లూ తలుచుకోవాల్సిన గిటార్ అది.

ఎందుకంటే దుకాణంలో మన కళ్లు ముందు వెనక భాగం మీద పడతాయి. ముదురు రంగు రోజ్‌వుడ్, గీతలు గీతలుగా, ఎంతో అందంగా ఉంటుంది. మన అడవుల్లో పెరిగే జిట్టేగి చెట్టు చెక్క అది, దేశదేశాల గిటార్ తయారీదారులు దాన్ని కోరి తెప్పించుకుంటారు. మంచి చెక్కే, కాదనను. కానీ మధ్యరకం ధరలో దానికోసం అదనంగా పది వేలు పెట్టమంటే నేను పెట్టమనను. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెనక చెక్క ఒక్కటే మార్చి ఆరు గిటార్లు చేయించి, ఏది ఏదో కనపడకుండా 52 మంది వాద్యకారుల చేత వాయింపజేశారు. ఫలితం 2018లో వచ్చింది. ఖరీదైన చెక్కకూ చవక చెక్కకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అవి ఉక్కు తీగల గిటార్లే అయినా, టోర్రెస్ అట్ట గిటార్ చెప్పిన మాటతో ఇది కలుస్తోంది.

కాబట్టి డబ్బు పై పలకకు పెట్టండి. అది ఒకే చెక్క అయి ఉండాలి. దుకాణం భాషలో సాలిడ్ టాప్. చవక గిటార్లలో పల్చటి పొరలు మూడు జిగురుతో అతికించి పలక చేస్తారు. నడిమి పొరలో చెక్క నార అడ్డంగా పోతుంది. దానివల్ల పలక పగలదు, కానీ బరువుకు తగ్గ బిగువు ఉండదు, ఊపు మందగిస్తుంది. యమహా సి40 అలా పొరలతో చేసిందే, మొదటి గిటార్‌గా బాగానే పనికొస్తుంది. అదే కంపెనీ సిజి122, కార్డోబా సి5 లాంటివి ఒకే చెక్క పలకతో వస్తాయి. కాగితం మీద ఊరికే స్ప్రూస్ టాప్ అని రాసి ఉంటే మోసపోకండి, పై పొర ఒక్కటి స్ప్రూస్ అయినా అలా రాయొచ్చు. రంధ్రం అంచును వెలుతురులో చూడండి. పలక మీది సన్నటి గీతలు అంచు మీదుగా లోపలికి తెగకుండా దిగితే ఒకే చెక్క. అంచులో పొరలు పొరలుగా కనిపిస్తే కాదు. స్ప్రూసా, సెడారా అన్నది మీ చెవి ఇష్టం. సెడార్ మొదటి రోజునుంచే వెచ్చగా పలుకుతుంది, గోరు తగిలితే సొట్ట పడుతుంది. స్ప్రూస్ స్వరం తేటగా ఉంటుంది.

తరవాత చూడాల్సింది శ్రుతి. మన వీణలో మెట్లు మైనంలో కూర్చుంటాయి, తప్పితే సరిచేసుకోవచ్చు. గిటార్ ఫ్రెట్లు కర్రలో దిగ్గొట్టి ఉంటాయి, తప్పు జరిగితే గిటార్ ఉన్నన్నాళ్లూ తప్పే. పెద్దవాళ్ల గిటార్‌లో తీగ మోగే పొడవు మామూలుగా 650 మిల్లీమీటర్లు. 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 325 దగ్గర ఉంటుంది, అక్కడ పై షడ్జమం పలకాలి. అయితే తీగను వేలితో నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి స్వరం పైకి పోతుంది. ఆ తేడా సర్దడానికి బ్రిడ్జి మీది ఎముక పట్టీని ఒక పిసరు వెనక్కి జరిపి పెడతారు. సరిగ్గా జరిపారో లేదో పరీక్షించడం తేలిక. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు వేలు పెట్టి మీటండి, గంటలాంటి స్వరం వస్తుంది. తరవాత అక్కడే నొక్కి మీటండి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుంటే రెండింటి తేడా అంకెల్లో కనిపిస్తుంది. అర్ధస్వరంలో నూరో వంతును ఒక సెంట్ అంటారు. ఐదు సెంట్లకు మించి తేడా ఉంటే ఇంకోటి చూడండి. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, దుకాణంలో నెలల తరబడి వేలాడిన తీగలు అబద్ధం చెబుతాయి. కొత్త తీగలు మీ డబ్బుతోనే కట్టించి పరీక్షించండి, ఆ ఖర్చు వృథా పోదు.

జేబులో చిన్న స్కేలు పెట్టుకెళ్లండి. 12వ ఫ్రెట్ మీద తీగ ఎత్తు సన్న తీగకు 3, లావు తీగకు 4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే చాలా ఎత్తుంటే వేళ్లు నొప్పి పుట్టి పిల్లలు మానేస్తారు. బాగా కిందికుంటే తీగ ఫ్రెట్లకు తగిలి జరజరమంటుంది. పిల్లలు చిన్నవాళ్లయితే ముప్పాతిక సైజు తీసుకోండి.

ఆ తరవాత ఓపిగ్గా ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ మీటించి వినండి. ఎక్కడో ఒకచోట స్వరం ఒక్కసారిగా గట్టిగా మోగి టక్కున చచ్చిపోతుంది. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి ఉంది. మీటినప్పుడు తీగకు అందిన శక్తి ఇంతేనని లెక్క. పలకకు కూడా తనదైన సొంత ఊపు ఉంటుంది, చాలా గిటార్లలో సెకనుకు 200 సార్ల దరిదాపుల్లో. మూడో తీగ స్వరం 196 దగ్గర ఉంటుంది. స్వరం, పలక ఊపు కలిసిన చోట తీగ శక్తినంతా పలక ఒక్క గుక్కలో లాగేసుకుంటుంది. అందుకే అంత గట్టిగా మోగడం, అంత తొందరగా ఆరిపోవడం. ఇది ప్రతి గిటార్‌లోనూ కొంత ఉంటుంది. మూడో తీగ మీద మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో తేడా మరీ కొట్టొచ్చినట్టుంటే ఆ గిటార్ వద్దు. గట్టిగా మోగేదే మంచిదని కూడా అనుకోకండి. గట్టిదనం, నిలకడ రెండూ ఆ ఒక్క శక్తిలోంచే పంచుకోవాలి.

చివరికి మిగిలిన రెండు మూడు గిటార్లను మాస్టారిని వాయించమని, మీరు మూడు నాలుగు మీటర్ల దూరంలో అటు తిరిగి కూర్చోండి. ధర చీటీలు తెలియకుండా వినండి. కంటికి నచ్చింది చెవికి నచ్చకపోవడం అప్పుడు బయటపడుతుంది.

ఇక మన ఎండల సంగతి. చెక్క తేమను పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది, అదీ నారకు అడ్డంగా ఎక్కువ. గిటార్‌కు సుఖమైన తేమ 45 నుంచి 55 శాతం. హైదరాబాదులో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు 30 శాతం లోపుకు పడిపోతుంది. విశాఖలో 70 దాటుతుంది. దుకాణంలో మెడ అంచు వెంట బొటనవేలు జరిపి చూడండి, ఫ్రెట్ల మొనలు గుచ్చుకుంటే ఆ మెడ ఆరిపోయి కుంచించుకుందన్నమాట. ఏసీ గదిలో గోడకు వేలాడదీస్తే ఒకే చెక్క పలక వేసవిలో పగలొచ్చు. గిటార్‌ను దాని కేసులో ఉంచి, లోపల చిన్న తేమ కొలిచే మీటర్ పడేయండి. వేసవిలో కారు డిక్కీలో వదిలితే జిగురు సడలుతుంది. తేమ ఇలా మారే మన ఇళ్లకు పై పలక ఒకే చెక్కతో, వెనక, పక్కలు పొరలతో చేసిన గిటార్ తగినదని నా అభిప్రాయం. పలుకు పోదు, పగుళ్ల భయం సగం తగ్గుతుంది.

ఇంటికి తెచ్చాక మొదటి వారం శ్రుతి నిలవడం లేదని కంగారుపడి వెనక్కి తీసుకెళ్లకండి. కొత్త నైలాన్ తీగ కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటుంది. పూటకోసారి శ్రుతి చేసి వాయిస్తూ పొండి, వారం తిరిగేసరికి నిలబడుతుంది.