ఫలితం వచ్చేలోగా

(8వ తరగతి విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో కూర్చున్న పిల్లలలో అత్యధికులు డిసెంబరు మాసంలో జాతీయ ఉపకారవేతన పరీక్ష రాశారు. మన బడులలో దానిని ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. పరీక్ష అంటారు. ఇప్పుడు ఇంటింటా ఫలితాల కొరకు ఎదురుచూపు సాగుతున్నది. నమాజు ముగించుకొని బయటికి వస్తే "భాయ్, లిస్టు వచ్చిందా?" అన్న ప్రశ్నే వినిపిస్తున్నది. కుట్టుమిషను ముందు కూర్చున్న ఆపా కూడా అదే అడుగుతున్నది. పిల్లల చదువు గురించి బస్తీ అంతా ఇలా ఆరాటపడటం శుభసూచకం. అయితే ఈ ఎదురుచూపు కాలంలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. అది చేయకపోతే జాబితాలో పేరు వచ్చినప్పటికీ డబ్బు చేతికి అందదు. ఆ సంగతి చెప్పడానికే మిమ్మల్ని ఇక్కడికి ఆహ్వానించాము.

మేము ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారము. దస్త్రం ఎక్కడ కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో దశాబ్దాల పాటు చూశాము. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాము.

ముందుగా ఈ పథకం ఏమిటో స్పష్టంగా తెలుసుకుందాము. కేంద్ర ప్రభుత్వం దీనిని 2008లో ప్రారంభించింది. దేశం మొత్తం మీద ఏటా లక్ష ఉపకారవేతనాలు ఇస్తారు. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో 8వ తరగతి చదువుతూ, కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షల రూపాయలకు మించనివారు పోటీ పడవచ్చు. ఎంపికైన విద్యార్థికి 9వ తరగతి నుండి 12వ తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లలో 48,000 రూపాయలు లభిస్తాయి. ఇది ఏ మతం వారికీ ప్రత్యేకించిన పథకం కాదు. పేదరికమూ ప్రతిభా ఉన్న ప్రతి బిడ్డకూ ఇందులో చోటున్నది. ఉర్దూ మాధ్యమం పిల్లలు ఉర్దూలోనే పరీక్ష రాయవచ్చు.

ఈ పరీక్షను 8వ తరగతిలోనే ఎందుకు పెట్టారు? పిల్లలు బడి మానేది ఎక్కువగా అక్కడే కనుక. విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల వయసు వరకే వర్తిస్తుంది. ఆ వయసు దాటిన అబ్బాయిని మెకానిక్ షెడ్డు పిలుస్తుంది, వెల్డింగ్ దుకాణం పిలుస్తుంది. అమ్మాయి విషయంలో పెళ్లి మాటలు మొదలవుతాయి. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ఏమి చెప్పిందో గుర్తు చేసుకోండి. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది బడి ముఖమే చూడనివారో, మధ్యలో మానేసినవారో అని అది తేల్చింది. నెలకు వెయ్యి రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ "బిడ్డను ఇంకో ఏడాది చదివిద్దామా, వద్దా?" అని తల్లీ తండ్రీ రాత్రిపూట మాట్లాడుకునేటప్పుడు ఆ వెయ్యి రూపాయలు బిడ్డ పక్షాన నిలబడతాయి.

ఈ పథకం విలువ ఇప్పుడు మరింత పెరిగింది. సచార్ నివేదిక తరువాత మైనారిటీ విద్యార్థుల కొరకు ప్రీమెట్రిక్, పోస్ట్‌మెట్రిక్, మెరిట్-కమ్-మీన్స్ ఉపకారవేతనాలు వచ్చాయి. 2022 నవంబరులో కేంద్రం ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. విద్యాహక్కు చట్టం కింద 8వ తరగతి వరకు చదువు ఉచితమే కదా అన్నది ప్రభుత్వం చూపిన కారణం. ఫీజు లేకపోయినా చెప్పులు, పుస్తకాలు, ఆటో కిరాయి ఉచితంగా రావని ప్రతి తల్లికీ తెలుసు. మరుసటి నెలలోనే పరిశోధక విద్యార్థులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించారు. 2023లో నకిలీ సంస్థల వ్యవహారం బయటపడింది. తనిఖీ చేసిన 1,572 సంస్థలలో 830 బోగస్‌వని తేలింది, కేసు సి.బి.ఐ.కి వెళ్లింది. పిల్లల సొమ్ము తిన్నవారిని శిక్షించవలసిందే. ఆ సొమ్ము పోగొట్టుకున్న నిజమైన పిల్లల గురించి కూడా అంతే పట్టుదలతో అడగవలసిన బాధ్యత మనది. తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్న కాలంలో, తెరిచి ఉన్న ఈ తలుపును కాగితాల లోపం వలన పోగొట్టుకోరాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. అర్హత వేరు, ఎంపిక వేరు. పరీక్షలో రెండు భాగాలున్నాయి. ఒకటి మానసిక సామర్థ్యానికి, రెండవది చదివిన పాఠాలకు సంబంధించినది. ఒక్కొక్కటి 90 మార్కులు. రెండింటిలో కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ పిల్లలైతే 32 శాతం వస్తే అర్హత లభించినట్లు. అర్హత పొందిన వారందరికీ డబ్బు రాదు. మార్కుల వరుసలో, రాష్ట్ర రిజర్వేషన్ నిబంధనల ప్రకారం, ఉన్న సంఖ్య మేరకు ఎంపిక జరుగుతుంది. కనుక "మా వాడు క్వాలిఫై అయ్యాడు" అని మిఠాయి పంచే ముందు ఎంపిక జాబితాలో పేరు ఉన్నదో లేదో చూసుకోండి. 2007 చట్టం కింద బీసీ-ఇ వర్గంలోకి వచ్చే కుటుంబాలు, బీసీ-బిలో ఉన్న దూదేకుల కుటుంబాలు తమ కులధ్రువీకరణ పత్రాన్ని ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఫలితాల తరువాత అడిగే గడువులు చిన్నవి.

ఎంపికైన తరువాత కూడా మూడు గడపలు దాటాలి.

మొదటి గడప పేరు. మన ఇళ్లలో ఇదే పెద్ద సమస్య. ఆధార్‌లో "షేక్" అని ఉంటుంది, బడి రికార్డులో "ఎస్‌.కె." అని ఉంటుంది. ఒకచోట "మొహమ్మద్", మరొకచోట "ఎండీ". ఒక పత్రంలో "బేగం" ఉంటుంది, ఇంకొక దానిలో ఉండదు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక. మనకు అది ఒకే బిడ్డ. కంప్యూటరుకు ఇద్దరు వేరు వేరు మనుషులు. మా వద్దకు వచ్చిన ఒక దర్జీ కుమార్తె సంగతి చెబుతాము. మంచి మార్కులతో ఎంపికైంది. ఆధార్‌కూ బడి రికార్డుకూ పేరులో రెండక్షరాలు కలవలేదు. దరఖాస్తు వెనక్కి వచ్చిన సంగతి ఆ ఇంటికి తెలిసేసరికి గడువు ముగిసింది. ఆ అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు. అటువంటి బిడ్డ ఈ సభలో మరొకరు ఉండరాదు. ఈ రోజు ఇంటికి వెళ్లగానే ఆధార్ కార్డు, బడి రికార్డు నకలు, పరీక్ష హాల్ టికెట్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే రేపే ప్రధానోపాధ్యాయులను కలవండి.

రెండవ గడప బ్యాంకు ఖాతా. ఖాతా విద్యార్థి పేరు మీద ఉండాలి, వాడుకలో ఉండాలి. పాస్‌బుక్‌లో ఆధార్ సంఖ్య నమోదైనంత మాత్రాన సరిపోదు. ప్రభుత్వ చెల్లింపులు ఆ ఖాతాలోకే వచ్చేలా ఆధార్ అనుసంధానం జరిగిందా అని బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. బిడ్డకు రెండు ఖాతాలుంటే డబ్బు మీరు మరచిపోయిన పాత ఖాతాలోకి వెళ్లవచ్చు.

మూడవ గడప పోర్టల్. ఎంపిక జాబితాలో పేరు వచ్చిన విద్యార్థి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు చేయాలి. ఈ ఒక్క మాట తెలియక ఎన్నో కుటుంబాలు "సెలెక్టు అయ్యాము, ఇక డబ్బు అదే వస్తుంది" అని కూర్చుంటున్నాయి. ఆ దరఖాస్తును ముందు పాఠశాల, తరువాత జిల్లా అధికారులు పరిశీలించి ఆమోదించాలి. లోపం ఉంటే వెనక్కి పంపుతారు. గడువులోగా సరిదిద్ది తిరిగి పంపాలి. ఇది ఒక్కసారితో ముగిసేది కాదు, ప్రతి ఏటా రెన్యూవల్ చేయాలి. సెల్‌ఫోను నంబరు మార్చే అలవాటు ఉన్న ఇళ్లవారు ఈ నాలుగేళ్లు ఒకే నంబరు ఉంచుకోండి. సమాచారం దానికే వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఎంపికైన బిడ్డను ప్రైవేటు పాఠశాలలో చేరిస్తే ఉపకారవేతనం ఆగిపోతుంది. 10వ తరగతిలో 60 శాతం మార్కులు వస్తేనే 11వ తరగతికి కొనసాగుతుంది. ఇంటర్మీడియెట్‌కు ప్రైవేటు కళాశాల వైపు చూసేవారు ఈ లెక్క కూడా వేసుకొని నిర్ణయించుకోండి.

తల్లిదండ్రులారా! కార్యాలయానికి వెళ్లి అడగడానికి మనవారు సంకోచిస్తారు. ఎవరైనా కసురుకుంటారేమోనన్న భయం, ఒకరోజు కూలి పోతుందన్న దిగులు మాకు తెలియనివి కావు. కానీ ఉపకారవేతనం ఎవరో దయతో వేసే ఖైరాత్ కాదు. రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వంలో అది ఒక భాగం. ముందు ప్రధానోపాధ్యాయులను, తరువాత మండల విద్యాధికారిని, ఆ పిమ్మట జిల్లా విద్యాధికారి కార్యాలయాన్ని మర్యాదగా, లిఖితపూర్వకంగా అడగండి. అర్జీ నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటకు కార్యాలయంలో ఆయుష్షు లేదు, ముద్ర ఉన్న కాగితానికి ఉన్నది. సమాధానం రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే 30 రోజులలో జవాబు ఇవ్వాలి. "నా కుమార్తె దరఖాస్తు ఏ దశలో ఉన్నది, ఏ తేదీ నుండి, ఎవరి వద్ద?" అన్న మూడు ప్రశ్నలు చాలు. దస్త్రాలు కదలడం మేము చూశాము.

ఇక పిల్లలతో ఒక మాట. బేటా, జాబితాలో నీ పేరు ఉంటే సంతోషం. లేకపోతే నీకు తెలివి లేదని అర్థం కాదు. రాష్ట్రం మొత్తానికి నాలుగు వేల పైచిలుకు స్థానాలే ఉన్నప్పుడు, ఒక్క మార్కు తేడాతో వందలమంది బయట ఉండిపోతారు. నీవు ఈ పరీక్ష కొరకు నేర్చుకున్న లెక్కలు, చదివిన విజ్ఞానశాస్త్రం 10వ తరగతిలోనూ నీ వెంట వస్తాయి.

తల్లిదండ్రులకు మా విన్నపం. ఫలితం రోజున పక్కింటి బిడ్డతో మీ బిడ్డను పోల్చకండి. అమ్మాయి ఎంపిక కాలేదన్న కారణంతో బడి మాన్పించే ఆలోచన మనసులోకి రానివ్వకండి. ఉపకారవేతనం రాకపోయినా 9వ తరగతి ప్రభుత్వ పాఠశాలలో ఫీజు లేకుండానే చదవవచ్చు. పుస్తకాలకో, ఆటో కిరాయికో ఇబ్బంది ఉంటే మాకు చెప్పండి. జకాత్, సదకా సొమ్ములో చదువుకు వాటా ఉండాలని మసీదు కమిటీలను మేము కోరుతూనే ఉన్నాము.

చివరిగా యువకులకు, కమిటీ పెద్దలకు ఒక పని అప్పగిస్తున్నాము. ప్రతి మసీదులో ఒక రిజిష్టరు పెట్టండి. ఈ ఏడాది పరీక్ష రాసిన ప్రతి బిడ్డ పేరు, బడి, హాల్ టికెట్ నంబరు, ఖాతా స్థితి, దరఖాస్తు దశ అందులో రాయండి. ఫలితాలు వచ్చిన వారంలోపు ఎంపికైన ప్రతి ఇంటికీ ఒకరు వెళ్లండి. రెండవ పేజీలో ఇప్పుడు 7వ తరగతి చదువుతున్న పిల్లల పేర్లు రాయండి. వచ్చే ఏడాది పరీక్షకు 7వ తరగతిలో 55 శాతం మార్కులు అవసరం, కనుక వారికి ఇప్పటినుండే చెప్పాలి. మీ వీధిలో హిందూ, క్రైస్తవ పేదపిల్లలు ఉంటే వారి పేర్లూ అదే రిజిష్టరులో రాయండి. వారి తల్లిదండ్రులకు కూడా ఈ కాగితాల బాధ తెలియదు.

అలాగే ఈ సభ తరఫున ఒక వినతిపత్రం సిద్ధం చేశాము. ప్రతి విద్యార్థి మార్కులు, ఎంపిక మార్కుల హద్దు బహిరంగంగా ప్రకటించాలని, దరఖాస్తులోని లోపాలను పాఠశాల ద్వారా తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలని, 1 నుండి 8 తరగతుల మైనారిటీ ఉపకారవేతనాన్ని పునరుద్ధరించాలని అందులో కోరాము. బయటికి వెళ్లే ముందు దానిపై సంతకం చేయండి. సంతకం రాని తల్లులు వేలిముద్ర వేయండి, అదీ చెల్లుతుంది. ద్వారం వద్ద బల్ల దగ్గర మావారు ఇద్దరు కూర్చున్నారు. ఆధార్, పాస్‌బుక్ వెంట తెచ్చుకున్నవారు ఇప్పుడే చూపించి వెళ్లవచ్చు. తేనివారు శుక్రవారం జుమా తరువాత తీసుకురండి.

ఇన్షా అల్లాహ్, ఎంపికైన ఏ బిడ్డ సొమ్మూ ఈ సంవత్సరం కాగితాల వలన ఆగకుండా అందరమూ కలిసి చూసుకుందాము. సెలవు.