ఉత్సాహం సన్నగిల్లిన నాడు

  

 

మన మస్జిదులోని చివరి వరుసను ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. మేము పెనుగంచిప్రోలులో ఇమామతు బాధ్యత స్వీకరించిన తొలినాళ్ళలో అక్కడ ఒకే ఒక కుర్చీ ఉండేది. నేడు ఏడు ఉన్నాయి. కూర్చుని నమాజు చేయడం రోగులకు అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యం. దానిని వినియోగించుకునే వారిని ఎవరూ చిన్నచూపు చూడరాదు. అయితే ఆ కుర్చీలలో మాకంటే వయసులో చిన్నవారు కూడా కనబడుతున్నారు. నుదురు నేలకు ఆనించి ఎన్నేళ్ళయిందో చెబుతూ వారిలో ఒకరు మా ఎదుట కంటతడి పెట్టారు. ఒంటి ఆరోగ్యం ప్రాపంచిక విషయం, దానికీ మస్జిదుకూ సంబంధమేమిటని అడిగేవారికి ఆ కన్నీరే సమాధానం.

ఇతరుల సంగతి ఎందుకు, మా సంగతే చెబుతాము. మూడేళ్ళ క్రితం మా రక్తపరీక్ష చూసిన వైద్యుడు రోజూ నడవాలని హెచ్చరించారు. కొత్త బూట్లు కొన్నాము. ఫజ్ర్ నమాజు ముగియగానే మునేరు వైపు నడక ప్రారంభించాము. కొందరు యువకులు తోడయ్యారు. మొదటి వారం రోజుకు గంటకు పైగా నడిచాము. పన్నెండవ రోజున వాన పడింది, మానేశాము. పదమూడవ రోజున ఒళ్ళు నొప్పులన్నాము. పద్నాలుగవ రోజున కారణమే అవసరం లేకపోయింది! ఆ బూట్లు నాలుగు నెలలు గుమ్మం పక్కన దుమ్ము పట్టి ఉన్నాయి. జుమా ఖుత్బాలో మీకు నిలకడను బోధించి, ఇంటికి వెళ్ళి వాటిని దాటుకునే లోపలికి పోయేవాళ్ళం.

లోపం ఎక్కడుంది? జవాబు మేము మదర్సాలో ఏనాడో చదువుకున్న హదీసులోనే దొరికింది. ప్రతి ఆచరణకూ ఒక ఉరవడి ఉంటుందని, ప్రతి ఉరవడి వెనుకా ఒక సడలింపు వస్తుందని, ఆ సడలింపులో సైతం సున్నత్‌ను వీడనివాడే సన్మార్గం పొందినవాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. అంటే ఉత్సాహం తగ్గడం మనిషి స్వభావమే, అది నేరం కాదు. తగ్గిన నాడు మనం ఎక్కడ నిలబడతామన్నదే పరీక్ష. మన మునేరును చూడండి. వానాకాలంలో ఒడ్డులు ఒరుసుకుని పారుతుంది. ఎండాకాలంలో సన్నని పాయగా మిగులుతుంది. పాయ సన్నబడినా ఏరు తన దారిని విడువదు.

ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) జీవితమే దీనికి వ్యాఖ్యానం. యౌవనంలో ఆయన ప్రతి దినమూ ఉపవాసం పాటించేవారు, రాత్రంతా నమాజులో నిలిచేవారు. దైవప్రవక్త (స) ఆయనను పిలిపించి, నీ దేహానికి, నీ కళ్ళకు, నీ భార్యకు కూడా నీపై హక్కు ఉన్నదని గుర్తు చేశారు. నెలకు మూడు ఉపవాసాలు చాలునన్నారు. తనకు ఇంకా శక్తి ఉన్నదంటూ ఆయన ఎక్కువ కోరుకున్నారు. వృద్ధాప్యంలో ఆ భారం మోయడం కష్టమైనప్పుడు, ఆనాడే ఆ సౌలభ్యాన్ని స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదోనని వాపోయారు. మనం సైతం నియమాన్ని ఉప్పొంగిన రోజు కొలతతో పెట్టుకుంటాము, అలసిన రోజున దానిని మోయలేక పూర్తిగా దించేస్తాము. కొద్దిపాటిదైనా నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు చేరిన బోధన సారం ఇదే.

మన హైదరాబాదు వాసి, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు అయిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ పేరు పెద్దలు విని ఉంటారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. జకార్తా నాటికి ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన కుర్రవాళ్ళకు ఒక వింత పోటీ పెట్టేవారు. అందులో బంతిని బలహీనమైన కాలితోనే తన్నాలి. సోదరులారా! ఉత్సాహం మన బలమైన కాలు. అది లేని రోజున బలహీనమైన కాలితో సాగడం నేర్చుకోవడమే క్రమశిక్షణ.

ఇక ఆచరణలోకి వద్దాము. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగమైన నడక వంటి శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. మస్జిదుకు మీ ఇల్లు అయిదు నిమిషాల దూరంలో ఉన్నదనుకోండి. ఫజ్ర్‌కు, ఇషాకు నడిచి వచ్చి నడిచి వెళితే రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి 140 నిమిషాలు అవుతాయి. మస్జిదుకు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉన్నదని విన్నవారమే, మూడు వీధుల అవతలి నుంచి మోటారు సైకిలుపై వస్తున్నాము!

నియమాన్ని నమాజుకు ముడివేయండి. మన ప్రాంతపు ఎండలకు ఫజ్ర్ తరువాతి వేళే మేలు. జగ్గయ్యపేట సిమెంటు కర్మాగారాలలో రాత్రి షిఫ్టు చేసేవారు, లారీలు నడిపేవారు నిద్ర లేచాక వచ్చే మొదటి నమాజును ఎంచుకోండి. మిరప కోతలకు వెళ్ళే తల్లులకు శ్రమ గురించి మేము చెప్పవలసింది లేదు. ఇంటిపట్టున ఉండేవారు అస్ర్ తరువాత డాబాపైనే నడవవచ్చు. గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోండి.

ఒక రోజు తప్పిందా? అక్కడే షైతాన్ మన చెవిలో, ఇక అంతా పోయినట్టేనని ఊదుతాడు. రాత్రి పారాయణం తప్పినవాడు దానిని ఫజ్ర్‌కు, జుహ్ర్‌కు మధ్య పూర్తిచేస్తే రాత్రి చదివినట్లే వ్రాయబడుతుందని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉన్నది. తప్పినదాన్ని అందుకోవడమే మార్గం, వదిలేయడం కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు పట్టవచ్చని, ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడదని తేలింది. కాబట్టి పక్కవాడు త్వరగా కుదురుకున్నాడని నిరాశపడకండి.

మేము తిరిగి మొదలుపెట్టినప్పుడు గంట అనుకోలేదు. బూట్లు తొడుక్కుని వీధి చివరి దాకా వెళ్ళిరావడమే నియమం. కాళ్ళు రానంటే అక్కడి నుంచే మళ్ళవచ్చు. చాలా రోజులు అక్కడి నుంచే మళ్ళాము కూడా. నేటికి రెండేళ్ళు దాటింది. మధుమేహం మాయం కాలేదు, మందులు మానలేదు. కానీ అల్‌హమ్దులిల్లాహ్, సజ్దా నుంచి మోకాళ్ళపై చేతుల ఊత లేకుండా లేవగలుగుతున్నాము.

మనిషి వ్యాధిగ్రస్తుడైనా, ప్రయాణంలో ఉన్నా, స్వస్థతతో ఇంట ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కర్మల పుణ్యం అతని పేర వ్రాయబడుతూనే ఉంటుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మంచం పట్టిన రోజున సైతం ఆగని ఖాతా అది. అయితే దానిని ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే తెరవాలి. ఆరాధనకు శక్తి కోసమనే సంకల్పంతో రేపు ఫజ్ర్‌కు నడిచి రండి. ఇన్‌షా అల్లాహ్, గుమ్మం వద్ద మేము వేచి ఉంటాము.

ఓ అల్లాహ్! అశక్తత నుంచి, సోమరితనం నుంచి మమ్మల్ని కాపాడు. కడపటి శ్వాస వరకు నీ ముందు సాష్టాంగపడే శక్తిని మా దేహాలకు ప్రసాదించు. ఆమీన్.