ఎముక లోపలి అల్లిక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న చేను గట్టు మీద జారిపడితే తొడ ఎముక విరిగింది. అప్పటికే ఆయన నడుము వంగిపోయి ఉంది. మన కనిగిరి వైపు అది ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని అందరికీ తెలుసు. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు ఈ జబ్బు గురించి రాశారు. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు "ఎముక మామూలు కంటే చిక్కగానే ఉందే!" అన్నారు. మరి ఎందుకు విరిగింది? మన సైన్సు మాస్టారిని అడిగాను.

ఆయన రెండు కోడి ఎముకలు తెమ్మన్నారు. ఒకదాన్ని సజల హైడ్రోక్లోరికామ్లంలో నానబెట్టారు. అది రబ్బరులా వంగింది. రెండోదాన్ని నిప్పుల్లో బాగా కాల్చారు. నొక్కితే పొడైంది. "మొదటి దాంట్లో ఖనిజం పోయింది, రెండో దాంట్లో పీచు పోయింది. రెండూ ఉండాలి, సరిగ్గా అల్లుకుని ఉండాలి" అన్నారు. ఆ అల్లిక ఎలా ఉంటుందండీ అంటే, "నేనూ చూడలేదురా. నువ్వు చూసి చెప్పు" అన్నారు.

మాస్టారూ, చూశాను. మా ల్యాబులో అయాన్ల పుంజంతో ఎముక ముక్కను సుమారు 10 నానోమీటర్ల చొప్పున పొరలుగా చెక్కుతూ, ప్రతి పొరకూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫొటో తీస్తాం. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. ఆ ఫొటోలను కంప్యూటరులో వరసగా పేరిస్తే ఎముక లోపలి ఆకారం 3డీలో కనిపిస్తుంది. సుమారు 100 నానోమీటర్ల లావు కొలాజెన్ పీచులు, వాటి లోపలా చుట్టూ కొద్ది నానోమీటర్ల మందమున్న ఖనిజ స్ఫటికాలు. 2018లో యార్క్ విశ్వవిద్యాలయం, లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఇంకా దగ్గరగా చూశారు. వంపు తిరిగిన సూదుల్లాంటి స్ఫటికాలు పక్కపక్కన కలిసి పలకలవుతాయి, పలకలు దొంతరలవుతాయి. ఎముక బలం ఖనిజం ఎంత ఉందన్న దానిలోనే లేదు, ఈ అమరికలో కూడా ఉంది. ఫ్లోరైడ్ ఆ స్ఫటికాల్లోకే చేరుతుంది. ఎముక చిక్కబడుతుంది గానీ పెళుసవుతుంది. నాన్న ఎక్స్‌రేకి జవాబు అదే.

ఈ బొమ్మలు ఆయన నడుమును నిలబెట్టలేకపోయాయి. ఆయనకు చిన్నప్పటి నుంచీ కావలసింది మంచినీళ్లు. అందుకే నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో మొదటి భాగం బడి పిల్లల తాగునీటికి, రెండో భాగం సైన్సు గదికి ఇద్దాం. నన్ను ఇక్కడిదాకా తెచ్చింది రెండు కోడి ఎముకలు, ఒక సీసా ఆమ్లం, ప్రశ్నను కసరని ఒక మాస్టారు.