ఒకే వ్రాత, రెండు పలుకులు



ఇంగ్లీషు భాషలో కొన్ని మాటలు కలవు. వాని వ్రాత యొక్కటియే; పలుకు మారినచో అర్థము మారిపోవును. ఆ మాటలను గూర్చి నాకు తెలిసినంత మీకు మనవి చేయుటకు నేడు వచ్చితిని. "ఈ వయసున మాకు ఇంగ్లీషు పాఠమేల?" అని పెద్దలు కొందరనవచ్చును. పింఛను కాగితము, బ్యాంకు చీటి, ఆసుపత్రి చీటి, కోర్టు తాఖీదు, వీనిలో నేటికిని ఇంగ్లీషు మాటలు వచ్చుచునే యున్నవి. వచ్చినప్పుడు మనము వీధిలో చదువుకొన్న వాని నొకనిని పిలిచి చదివించుకొందుము. వాడు తప్పు చదివినచో నష్టము వానికి కాదు, మనకు. నేను అట్లు తప్పు చదివినవాడనే. కావున ముందు నా తప్పు చెప్పుకొని, పిమ్మట భాష సంగతి చెప్పెదను.

నేను బాల్యమున గురువుగారి యింట అమరము, శబ్దమంజరి, లఘుకౌముది చదివినవాడను. తెలుగు పండితుడనై బడిలో చేరిన తరువాత, నిఘంటువు ముందు పెట్టుకొని ఇంగ్లీషును స్వయముగా నేర్చుకొంటిని. కంటితో నేర్చితిని గాని చెవితో నేర్వలేదు. అయినను మా యూరిలో "పంతులుగారికి ఇంగ్లీషు కూడ వచ్చును" అని పేరు వచ్చెను. ఆ పేరు నాకు ఇంపుగానే యుండెను.

సుమారు 35 ఏండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము ఒక పెద్దమనిషి నా యరుగు మీదికి వచ్చెను. ఆయన ఒక కార్యాలయమున కావలివాడుగా పనిచేసి, చూపు మందగించుటచే ఇల్లు చేరినవాడు. చేతిలో నొక కాగితము. "పంతులుగారూ, ఆఫీసు నుండి వచ్చినది. ఏమని వ్రాసినారో చూచి చెప్పండి" అనెను. పై పంక్తిలో రెండు మాటలు పెద్ద యక్షరములతో నుండెను. రెండవది పెన్షన్. మొదటిదానిని నేను "ఇన్‌వ్యాలిడ్" అని చదివితిని. ఆ మాటకు చెల్లనిది యని యర్థము. "పింఛను చెల్లదని వ్రాసినారు, పెద్దయ్యగారూ" అని చెప్పితిని.

ఆయన మారుమాట పలుకలేదు. కాగితము నాలుగు మడతలు పెట్టి, పైపంచె కొంగున ముడివైచుకొని వెడలిపోయెను.

క్రింది పంక్తులలో, ఫలానా తేదీన వైద్యుల బోర్డు ముందు హాజరు కావలయునని యుండెను. అదియు నేను చదివితిని. చెల్లని పింఛనునకు వైద్యపరీక్ష యెందులకు? అని నాకు శంక కలుగవలసినది. కలుగలేదు. వచ్చునన్న గర్వము శంకను దగ్గరకు రానీయదు.

ఏడు నెలలు గడచెను. సంతకు పోయినప్పుడు ఆయన ఆ కాగితమును అర్జీలు వ్రాయు నొక ముసలి గుమాస్తాకు చూపెను. గుమాస్తా దానిని చదివి, "ఇది ఇన్‌వ్యాలిడ్ కాదు, ఇన్‌వలీడ్. దేహశక్తి తప్పి పని చేయలేనివానికి ఇచ్చు పింఛను. నీకు ఇచ్చెదమనియే వ్రాసినారు" అని చెప్పెనట. మరల అర్జీలు పెట్టిరి, వైద్యులు చూచిరి, కొంత కాలమునకు బకాయితో పింఛను వచ్చెను. కాని ఆ నడుమ ఆయన ఇల్లు గడచుటకై పాడిగేదె నమ్ముకొనెను. ఆ యింటి పిల్లలు ఒక యేడాది పాలు లేక పెరిగిరి. నేను పోయి క్షమింపుమని కోరినప్పుడు ఆయన "మీరేమి చేయుదురు బాబూ, వ్రాత అట్లున్నది" అనెను. నా నుదుటి వ్రాత యని ఆయన తలంపు. నేను మాత్రము కాగితము మీది వ్రాతను తలచి తల వంచుకొంటిని.

ఈ రెండు పలుకులును ఒక్క లాటిను మాట నుండియే పుట్టినవి. బలము లేనిది యని దాని యర్థము. బలము లేని పత్రము చెల్లదు; అప్పుడు రెండవ యక్షరము మీద ఊనిక నుంచి ఇన్‌వ్యాలిడ్ అందురు. బలము లేని మనుష్యుడు రోగి. అప్పుడు మొదటి యక్షరము మీద ఊనిక నుంచి ఇన్‌వలీడ్ అందురు. పలుకు మారుటచే పత్రమునకును మనుష్యునకును తేడా వచ్చెను.

ఇందులో నాకు ఎక్కువ సిగ్గు కలిగించిన సంగతి వేరొకటి. పిల్లలకు నేను ఏటేట ఇంద్రశత్రువు కథ చెప్పుచుండెడివాడను. త్వష్ట తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపెనని కోపించి, ఇంద్రుని చంపగల కొడుకును కోరి హోమము చేసెను. ఇంద్రశత్రు శబ్దమునకు చివర ఉదాత్తము పలికినచో, ఇంద్రుని చంపువాడని తత్పురుషము. మొదట ఉదాత్తము పలికినచో, ఇంద్రుడే తన్ను చంపువాడుగా గలవాడని బహువ్రీహి. స్వరము తప్పెను; పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేత చచ్చెను. పతంజలి మహాభాష్యమున ఈ యుదాహరణమును ఎత్తి చూపినాడు. స్వరము తప్పినచో యజమానునకే హాని యని యేండ్ల తరబడి బోధించిన నేను, మా యూరి యరుగు మీద ఆ తప్పునే చేసితిని. వేదమునకు చెప్పిన నీతి పింఛను కాగితమునకును చెల్లునని నాకు తోచలేదు.

ఇక ఇంగ్లీషు మాటల సంగతి. రేడియోలో అక్షరములు కనబడవు గనుక వానిని పేర్లతో చెప్పెదను. ఈ మాటలు మూడు తెగలు.

మొదటి తెగ ఊనిక చేత మారునవి. వేదస్వరమున కంఠము పైకి లేచును. ఇంగ్లీషు ఊనికలో ముఖ్యముగా అక్షరమును గట్టిగా నొక్కి పలుకుదురు. అంత భేదము కలదు. నామవాచకమైనచో మొదటి యక్షరము మీద, క్రియయైనచో రెండవ దాని మీద ఊనిక యుండును. ప్రెజెంట్ అనిన కానుక. ప్రిజెంట్ అనిన సమర్పించుట. ఆబ్జెక్ట్ అనిన వస్తువు. అబ్జెక్ట్ అనిన ఆక్షేపించుట. రెకార్డ్ అనిన వ్రాసియుంచిన పత్రము. రికార్డ్ అనిన వ్రాసియుంచుట. ఈ పద్ధతి పూర్వము ఇంత వ్యాప్తముగా లేదు. 1570లో అచ్చయిన యొక పదకోశమును పరిశీలించినవారు, అందు ఇట్టివి రెకార్డ్, రెబెల్, అవుట్‌లా అను మూడే కనబడుచున్నవనిరి. నేడు నూటికి పైబడి యున్నవి. కాని ప్రతి మాటయు ఇట్లు మారదు. రిపోర్ట్, కంట్రోల్ అనునవి నామమైనను క్రియయైనను ఒక్క తీరుననే పలుకబడును.

రెండవ తెగ అచ్చు మారునవి. ఎల్, ఇ, ఏ, డి అను నాలుగక్షరములను లెడ్ అని పలికినచో సీసము. లీడ్ అని పలికినచో దారి చూపుట. టి, ఇ, ఏ, ఆర్ అనునది టియర్ అయినచో కన్నీరు. టేర్ అయినచో చింపుట. డబ్ల్యు, ఐ, ఎన్, డి అనునది విండ్ అయినచో గాలి. వైండ్ అయినచో చుట్టుట. రైతులు గుర్తుంచుకొనదగిన దొకటి కలదు. ఎస్, ఓ, డబ్ల్యు అనునది సో అయినచో విత్తుట; సౌ అయినచో ఆడుపంది! అర్, ఇ, ఏ, డి అనునది రీడ్ అయినచో చదువుట. రెడ్ అయినచో చదివితిని అని భూతకాలము.

మూడవ తెగ హల్లు మారునవి. సి, ఎల్, ఓ, ఎస్, ఇ అనునది క్లోస్ అయినచో దగ్గర; క్లోజ్ అయినచో మూయుట. యూస్ అనిన ఉపయోగము. యూజ్ అనిన ఉపయోగించుట. మన వ్యాకరణము చదివినవారికి ఇది వింతగా తోచదు. మన తెలుగున ప్రథమ మీది పరుషములు గసడదవలగుట యెరుగుదురు గదా. పూర్వపు ఇంగ్లీషున క్రియలకు చివర అచ్చు గల ప్రత్యయము లుండెడివి. రెండచ్చుల నడుమ చిక్కిన సకారము మెత్తబడి జకారము వంటి ధ్వని యాయెను. ఆ ప్రత్యయములు కాలక్రమమున రాలిపోయినవి, మెత్తదనము నిలిచిపోయినది.

ఇంత చిక్కు ఎందుకు వచ్చెనని యడుగుదురేమో. 1476లో విలియం కాక్‌స్టన్ అను వర్తకుడు ఇంగ్లండులో మొదటి అచ్చుయంత్రము నెలకొల్పెను. అచ్చు పుస్తకములు పెరిగిన కొలది మాటల వ్రాత క్రమముగా స్థిరపడసాగెను. సరిగా ఆ కాలముననే ఆ జనుల నోట దీర్ఘాచ్చులు మారుచుండెను. రమారమి మూడు వందల యేండ్లు మారుచునే యుండెను. నోరు కదలెను, వ్రాత నిలిచెను. వేరువేరు పుట్టుక గల మాటలు కొన్ని ఒకే వ్రాతలో వచ్చి చేరెను. కన్నీటి టియర్‌కును చింపుట యను టేర్‌కును చుట్టరికము లేదు. అవి ఒక చావడిలో దిగిన ఇద్దరు బాటసారుల వంటివి.

మన లిపిలో ఈ బాధ తక్కువ. కల యనిన వేరు, కాల యనిన వేరు. దీర్ఘము కంటికి కనబడును. అట్లని మనము గర్వింపరాదు. చలి యనునప్పటి చకారము దంత్యము, చిలుక యనునప్పటిది తాలవ్యము, వ్రాయున దొక్కటే. "వచ్చినాడు" అను మాటను దించి పలికిన వార్త, ఎత్తి పలికిన ప్రశ్న. ఇవి తల్లి యొడిలో నేర్చితిమి గనుక మనకు కష్టము తెలియదు. వారి భాషను మనము కాగితము మీద నేర్చితిమి గనుక కష్టము తెలియుచున్నది.

కావున నేను చెప్పునది ఇంతే. ఇట్టి మాట యెదురైనప్పుడు దానిని ఒంటరిగా చదువరాదు. ముందు వెనుకల మాటలతో కలిపి, ఇది పేరా, పనియా, గుణమా యని చూడవలెను. ఒక అర్థము క్రింది పంక్తితో పొసగనిచో రెండవ పలుకు గలదేమోయని శంకింపవలెను. కాగితము చదివించుకొనువారు ఒక్కని మాటతో నిలిచిపోక, డబ్బునకో భూమికో సంబంధించినదైనచో రెండవ వానికి కూడ చూపవలెను. చదువువాడు తనకు నిశ్చయము లేనప్పుడు "నాకు తెలియలేదు" అని చెప్పవలెను. ఆ మాట నేను ఆనాడు పలికియున్నచో ఆ యింట గేదె నిలిచియుండును.

మరియొక మనవి. మీ మనుమలు ఈ మాటలను తప్పుగా పలికినప్పుడు నవ్వవలదు. వారు సరిగా పలికి మిమ్ము దిద్దినప్పుడు కోపింపవలదు. కన్ను నేర్పని దానిని చెవి నేర్పును. నాకు నిఘంటువు నేర్పని దానిని సంతలో అర్జీలు వ్రాయు గుమాస్తా నేర్పెను. తరువాత నేను ఆయన యొద్దకు పోయి మరికొన్ని మాటలకు పలుకుబడి చెప్పించుకొంటిని. ఆయనను గురువులలో నొకనిగా నేటికిని తలచుచున్నాను.