మేడమ్, 5కి 3 కలిపితే 53 వస్తోంది!

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు నన్ను కోరారు. ఈ హాల్లో సగం మందికి ప్రోగ్రామింగ్‌తో పని లేదని తెలుసు. భయపడకండి. నేను చెప్పబోయేది ముఖ్యంగా పిల్లల ప్రశ్నల గురించి. మన బడి కంప్యూటర్ గదిలో నెలకు రెండు ఆదివారాలు నేనూ, మరికొందరు మిత్రులూ పైథాన్ నేర్చుకునే పిల్లల పక్కన కూర్చుంటున్నాం. పాఠం చెప్పడానికి టీచర్లున్నారు. పిల్లలు ఎక్కడ ఆగిపోతే అక్కడ చేయి అందించడమే మా పని.

పైథాన్ అంటే కొండచిలువ అనుకుంటారు పిల్లలు. ఆ పేరు మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం నుంచి వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ ఈ భాషను తయారుచేసి 1991లో బయటపెట్టారు. ఇవాళ సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో పిల్లలు నేర్చుకునేది ఇదే. చదవడానికి తేలికైన భాష. అయినా మొదటి నెలలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ దాదాపు ఒకే చోట్ల ఆగిపోతారు. ఆ చోట్లు కొన్ని చూద్దాం.

మొదటిది నా ప్రసంగం పేరులోనే ఉంది. రెండు అంకెలు అడిగి కూడిక చెప్పే ప్రోగ్రామ్ రాస్తారు. 5 కొడతారు, 3 కొడతారు, 53 వస్తుంది. "మేడమ్, కంప్యూటరుకు కూడికలు రావు" అని నవ్వుతారు. జరిగింది ఏమిటంటే, కీబోర్డు నుంచి ఇన్‌పుట్ ద్వారా వచ్చేదాన్ని పైథాన్ ఎప్పుడూ రాతగానే తీసుకుంటుంది. మనం 5 కొట్టినా దానికి అది లెక్క కాదు, కాగితం మీది ఒక గుర్తు. రెండు రాతల్ని కలపమంటే పక్కపక్కన అతికిస్తుంది. ముందు 'ఇంట్' అనే ఆదేశంతో వాటిని పూర్ణాంకాలుగా మార్చమంటే 8 వస్తుంది.

ఈ జవాబు చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ మేం వెంటనే చెప్పం. "ఆ 5 ఏ రకమో పైథాన్‌నే అడుగు" అంటాం. 'టైప్' అనే ఆదేశం ఉంది, అది ఏ వస్తువు ఏ రకమో చెబుతుంది. ఆ అమ్మాయి అడుగుతుంది, రాత అని జవాబు వస్తుంది, తనే "ఓహో" అంటుంది. ఆ "ఓహో" తనది. మళ్ళీ ఈ ప్రశ్నతో మా దగ్గరికి రాదు. పైగా పక్క కుర్చీలో ఉన్నవాడికి తనే చెబుతుంది.

రెండోది, ఎర్రర్ మెసేజ్. తెర నిండా ఎర్రటి ఇంగ్లీషు కనబడగానే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు చేతులు వణుకుతాయి. కంప్యూటర్ పాడైపోయిందేమో, ఎవరైనా తిడతారేమో అని మొత్తం చెరిపేస్తారు. అందుకే మేం నేర్పే మొదటి అలవాటు, చివరి లైను ముందు చదవడం. ఏం జరిగిందో అక్కడ ఉంటుంది. దాని పైన లైను నంబరు ఉంటుంది. ఆ చివరి లైను మొదటి మాటకు తెలుగులో అర్థాలు రాసి గోడకు అంటించాం.

నేమ్ ఎర్రర్: ఈ పేరు నాకు తెలియదు. స్పెల్లింగ్ చూడు.
టైప్ ఎర్రర్: ఈ రెండు రకాలను ఇలా కలపలేను.
వాల్యూ ఎర్రర్: రకం సరే, ఇచ్చిన విలువ పనికిరాదు.
ఇండెక్స్ ఎర్రర్: వరుసలో అంత దూరాన ఏమీ లేదు.
ఇండెంటేషన్ ఎర్రర్: లైను మొదట్లో వదిలిన ఖాళీ కుదరలేదు.
సింటాక్స్ ఎర్రర్: వాక్యం కుదరలేదు. ఈ లైనుతో పాటు పై లైనూ చూడు.

పై లైను ఎందుకు? బ్రాకెట్ తెరిచి మూయడం మర్చిపోతే, పాత పైథాన్ కింది లైనును తప్పు పట్టేది. 2021లో వచ్చిన 3.10 నుంచి 'ఈ బ్రాకెట్ మూయలేదు' అని నేరుగా చెబుతోంది. బడుల్లో ఇంకా పాతవి నడుస్తుంటాయి కాబట్టి ఆ అలవాటు మంచిదే. ఈ ఆరు లైన్లు గోడ మీదికి వచ్చాక చెరిపేయడం తగ్గింది, చదవడం మొదలైంది.

మూడోది లెక్క పెట్టడం. పైథాన్ వరుసలో మొదటి వస్తువు నంబరు 1 కాదు, 0. పిల్లలకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. "నీ స్కేలు తీయి, ఎక్కడ మొదలైంది?" అంటాం. స్కేలు మీద మొదటి సెంటీమీటరు 0 దగ్గరే మొదలవుతుంది. అలాగే 'రేంజ్' అనే ఆదేశానికి 1, 10 అని ఇస్తే 9 దగ్గరే ఆగిపోతుంది. "రేపు పదో పేజీ వరకు చదువుకుని రండి" అని మాస్టారంటే పదో పేజీ కూడా చదవాలా అని మనం గొడవపడలేదూ? పైథాన్ తన జవాబు ముందే చెప్పేసింది. పదో పేజీ చదవక్కర్లేదు.

నాలుగోది కొంచెం చిక్కు. మార్కుల జాబితా ఒకటి ఉంది. దానికి కాపీ అనుకుని 'బి సమానం ఎ' అని రాస్తారు. బి లో ఒక మార్కు మారిస్తే ఎ లో కూడా మారిపోతుంది. "దయ్యం పట్టింది మేడమ్" అన్నాడొక ఏడో తరగతి పిల్లవాడు. నేను అడిగాను: "నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారు?" "చిన్నోడా అంటారు." "హాజరు పట్టీలో వేరే పేరుంది కదా. ఇంట్లో చిన్నోడికి క్షవరం చేయిస్తే, బడికొచ్చే పిల్లాడికి జుట్టు ఉంటుందా?" పక్కపక్కనున్న వాళ్ళంతా నవ్వారు. జాబితా ఒక్కటే, పేర్లు రెండు. నిజంగా వేరే జాబితా కావాలంటే 'కాపీ' అని అడగాలి.

అయిదోది మన లెక్కల మాస్టార్లకు నచ్చుతుంది. పైథాన్‌ను 0.1కి 0.2 కలపమంటే 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. కారణం సులువే. మూడో వంతును దశాంశంలో రాయమంటే 0.333 అని రాస్తూ పోవాలి, ఎప్పటికీ అయిపోదు. కంప్యూటరుకున్న అంకెలు రెండే, 0, 1. ఆ పద్ధతిలో పదో వంతు కూడా ఎప్పటికీ అయిపోదు. ఎక్కడో ఒకచోట తెంపేయాలి. ఆ తెంపిన ముక్కే చివర 4గా కనబడుతోంది. కిరాణా కొట్టు బిల్లు ప్రోగ్రామ్ రాసే పిల్లలకు మా సలహా, లెక్కంతా పైసల్లో చేయండి, చూపించేటప్పుడు రూపాయల్లోకి మార్చండి.

ఆరోది పేరు గొడవ. తాబేలు బొమ్మలు గీసే 'టర్టిల్' అనే భాగం పైథాన్‌తోనే వస్తుంది. పిల్లలు తమ ప్రోగ్రామ్‌ను కూడా టర్టిల్ అన్న పేరుతోనే దాస్తారు. అప్పుడు పైథాన్ అసలు టర్టిల్‌ను వదిలేసి, ముందు కనబడిన వీళ్ళ ఫైలునే తెచ్చుకుంటుంది. రాసినదంతా సరిగ్గానే ఉన్నా ఒక్క బొమ్మా రాదు. ఫైలు పేరు మారిస్తే చాలు. ఎంత చూసినా తప్పు దొరకనప్పుడు "ఫైలుకేం పేరు పెట్టావు?" అని అడగండి.

ఇక నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటేనా అని చూసే ప్రోగ్రామ్ రాసింది. తెలుగు మాటలతో పరీక్షించింది. 'జలజ' అవునంది. 'నటన' అవునంది. 'కనక' అవునంది. 'వికటకవి' కాదంది! "మేడమ్, తెనాలి రామలింగడిది తప్పా, పైథాన్‌ది తప్పా?"

పైథాన్ పుట్టిన 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు చోటు దొరికింది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి రాతలన్నీ యూనికోడ్‌లోనే ఉంటాయి. అలాంటప్పుడు ఎందుకు కాదంది? ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టమంటే మనం అయిదు అంటాం. పైథాన్ ఏడు అంది. ఆ అమ్మాయి బోర్డు మీద ఏడూ విడివిడిగా రాసింది. అంతవరకు వచ్చి ఆగిపోయింది.

ఆ సమయానికి గదిలోకి మన తెలుగు మాస్టారొకరు వచ్చారు. రిటైరయ్యారు, పైథాన్ అంటే ఏమిటో తెలియదు. బోర్డు చూసి, "గుడి ఒంటరిగా నిలబడదు కదమ్మా. నువ్వు తిప్పింది అక్షరాలనా, గుర్తులనా?" అన్నారు. అంతే. 'వి' అనేది మనకు ఒక అక్షరం. యూనికోడ్‌కు అది 'వ', దాని వెనక గుడి, రెండు గుర్తులు. తిరగేస్తే గుడి ముందుకొచ్చి, తన 'వ'ను వదిలేసి, మాట మధ్యలో 'క'కు తగులుకుంటోంది. జలజ, నటన, కనకల్లో గుణింతం గుర్తులే లేవు కాబట్టి అవి బతికిపోయాయి.

ఆ అమ్మాయి వారం తర్వాత కొత్త ప్రోగ్రామ్‌తో వచ్చింది. గుర్తు కనబడితే దాన్ని ముందున్న హల్లుకు అతికించడం, పొల్లు తర్వాత వచ్చే హల్లును కూడా అదే ముద్దలో కలపడం, ఆ తర్వాత ముద్దల్ని తిరగేయడం. వికటకవి నెగ్గింది. 'మందారదామం' కూడా నెగ్గింది. మాస్టారు అక్షర లక్షణం చెప్పారు, ఆమె దాన్ని పైథాన్‌కు చెప్పింది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ప్రశ్న అడగగానే మనలో చాలామందిమి రెండు పనుల్లో ఒకటి చేస్తాం. మొదటిది, మంచి మనసుతో అయిదు నిమిషాల్లో సరిచేసి వాట్సాప్‌లో పంపేయడం. తర్వాతి ఆదివారం అదే పిల్లవాడు అదే ప్రశ్నతో వస్తాడు. రెండోది, "ఇది కూడా తెలియదా?" అనడం. ఎవరన్నారో అనవసరం, కానీ ఆ ఒక్క మాటకు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి మూడు ఆదివారాలు రాలేదు. నాలుగో ఆదివారం స్నేహితురాళ్ళు చేయి పట్టుకుని తీసుకొచ్చారు. అలా తీసుకొచ్చేవారు లేని పిల్లలు ఎంతమందో మన లెక్కలోకి రారు. "కంప్యూటర్ మనకు రాదులే" అనుకుని ఊరుకుంటారు.

అందుకే ఎవరు ఏ ప్రశ్నతో వచ్చినా మేం ముందు మూడే అడుగుతాం. ఏం చేయాలనుకున్నావు? ఏం రాశావు? ఏం వచ్చింది? ఈ మూడింటికీ జవాబు చెబుతూ చెబుతూనే సగం మంది మధ్యలో ఆగి, "తెలిసిపోయింది మేడమ్" అంటారు. మిగతావాళ్ళకు, ప్రోగ్రామ్‌ను సగం చేసి చూడమంటాం, అనుమానం ఉన్న చోట విలువను ప్రింట్ చేసి చూడమంటాం. కీబోర్డు మీద మా చేయి పెట్టం. అది మా గదిలో నియమం.

"ఇప్పుడు ఫోన్‌లో ఏఐని అడిగితే క్షణంలో చెబుతుంది, మీరెందుకు?" అని ఒక మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అది చెబుతుంది, చాలాసార్లు బాగానే చెబుతుంది. వచ్చిన జవాబు తప్పో ఒప్పో చూసుకోవడం ముందు పిల్లలకు రావాలి. పైగా, అడగాలంటే ఏం అడగాలో తెలియాలి. తెర ముందు మౌనంగా కూర్చున్న పిల్లను చూసి "ఎక్కడ ఆగావు తల్లీ?" అని అడగడానికి మనిషి కావాలి.

ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘం కంప్యూటర్లు కొని ఇస్తోంది, సంతోషం. వాటితో పాటు నేను అడిగేది ఒక్కటే, నెలకు రెండు గంటలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే రావాలని లేదు. ఆ మూడు ప్రశ్నలు అడిగే ఓపిక ఉంటే చాలు. బ్యాంకులో చేసినవారు వడ్డీ లెక్కల ప్రోగ్రామ్ దగ్గర కూర్చోండి. లెక్కల మాస్టార్లు దశాంశాల దగ్గర, తెలుగు మాస్టార్లు గుణింతాల దగ్గర కూర్చోండి. ఊళ్ళో లేనివారు వీడియో కాల్‌లో కూర్చోవచ్చు, చేతులు మాత్రం కట్టుకుని.

టీచర్లకు ఒక విన్నపం. పరీక్షలో జవాబుకు మార్కులిస్తాం. ప్రాజెక్టు నోటు పుస్తకంలో 'నేను ఎక్కడ ఆగాను, ఎలా కనుక్కున్నాను' అని ఒక పేజీ రాయించి, దానికి కూడా నాలుగు మార్కులు ఇవ్వండి.

వెనక బెంచీల్లోని పిల్లలకు ఒక మాట. మీరు అడిగే ప్రశ్న ఎంత చిన్నదైనా పట్టుకుని రండి. వికటకవి దగ్గర మీ అక్క అడిగిన ప్రశ్నకు పైథాన్ పుస్తకంలో జవాబు దొరకలేదు, పెద్ద బాలశిక్షలో దొరికింది. మీ ప్రశ్నలకు ఎవరి దగ్గర జవాబుందో అడిగితేనే తెలుస్తుంది.

పేరు ఇవ్వదలచుకున్నవారికి కంప్యూటర్ గది గుమ్మం పక్కన రిజిస్టరు ఉంది. భోజనాలకు వెళ్ళేముందు ఒకసారి అటు రండి.