ఫొటో తీసే ముందు

ఇవాళ డి.ఎల్.ఎడ్. పట్టా అందుకున్న కొత్త టీచర్లారా, ఫోన్ వాడకంలో మీరే మాకు గురువులు. రీలు చేయడం, యూపీఐలో డబ్బు పంపడం మీకు మంచినీళ్ల ప్రాయం. అయితే తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేయమంటే చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లోకి జారుకుంటారు. నవ్వకండి, హోంవర్కు కూడా అలాగే పంపితే రెండో తరగతి పిల్ల ఏం చదువుతుంది?

మీలో కొందరు ముంబైలోని కామాటిపుర పిల్లలకు పాఠాలు చెప్పబోతున్నారు. నిజాం రాజ్యం నుంచి కట్టడాల పనికి వలసొచ్చిన కామాటీల వల్లే ఆ పేటకు ఆ పేరు. 1873లో జోతీరావు ఫూలే సత్యశోధక సమాజం పెట్టాక, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లు దానికి అచ్చుయంత్రం కొనిచ్చారు. మాటను నలుగురికీ చేరవేయడానికి ఆనాటి టెక్నాలజీ అదే. అందులో ఏది అచ్చువేయాలో తెలిసినవాళ్లు ఉంటేనే అలాంటిది పనికొస్తుంది.

మన సంగతి చూద్దాం. 2017లో మొదలైన ‘దీక్ష’ ఆన్‌లైన్ పాఠాల పోర్టల్‌లో ఆంధ్ర, తెలంగాణ పాఠాలు బోలెడు. ముంబై మున్సిపల్ తెలుగు బడిలో నడిచేది మహారాష్ట్ర సిలబస్. పాఠం సరిపోతుందో లేదో చూడకుండా లింకు పంపేస్తే పని అయిపోయినట్టు కాదు. పైగా చాల్‌లో ఖోలీకి ఒకటే ఫోను ఉంటే, అది పొద్దున్నే నాన్నతో డ్యూటీకి వెళ్లిపోతుంది. రాత్రికి తిరిగొచ్చేసరికి డేటా మిగలదు. పెద్ద వీడియో బదులు మీ గొంతుతో చిన్న ఆడియో పంపండి.

ఇక నాకు అన్నిటికన్నా బెంగ ఫొటోల గురించే. పిల్లల్ని బడి బోర్డు ముందు వరసగా నిలబెట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం. కామాటిపుర అనగానే ఊళ్లో జనం ఏమనుకుంటారో మీకు తెలుసు. కొన్ని గల్లీల మీద పడ్డ ముద్ర, కుట్టుమిషను తొక్కే తల్లి కూతురినీ వదలదు. సెక్స్ వర్కర్ల పిల్లలూ మన బెంచీల మీదే కూర్చుంటారు. తల్లి జాడ బయటివాళ్లకు తెలిస్తే ఆ పిల్లలకు ప్రమాదం. ముఖం, బడి పేరు, గల్లీ నంబరు ఒకే ఫొటోలో ఉంటే అది ఎవరి చేతికి చేరుతుందో మన అదుపులో ఉండదు. 18 ఏళ్లు నిండని పిల్లల డిజిటల్ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి చట్టమూ చెబుతోంది. ఫారం మీద వేలిముద్ర వేయించుకుని చేతులు దులుపుకోకండి, దాన్ని తెలుగులో చదివి వినిపించండి. ‘మా పాప ఫొటో వద్దు టీచరమ్మా’ అంటే ఎందుకని అడగకండి. బొమ్మలు గీస్తున్న చేతుల్ని వెనకనుంచి ఫొటో తీయండి, పైవాళ్లకు పంపే రిపోర్టుకు అది చాలు.