పంజరపు ఫించి పక్షులలో మగదానిని, పెట్టను గుర్తించుట



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో జొన్న, కొర్ర పండించువారికి గింజ తిను పిట్టలు క్రొత్త కావు. పిచ్చుకలలో గొంతు క్రింద నల్లని మచ్చ గలది మగదని పిల్లలకు సైతము తెలియును. మగ గిజిగాడు వానకాలమున తలకు పసుపు పూసినట్లుండును. ఆ ఋతువు దాటగానే పెట్టవలెనే మట్టిరంగుకు వచ్చును. పంజరములో పెంచు ఫించి పక్షులును ఇట్టివే. కొన్నింటిలో రంగు ఎప్పుడును చెప్పును, కొన్నింటిలో ఋతువును బట్టి చెప్పును, మరికొన్నింటిలో చెప్పనే చెప్పదు.

పిల్లలను తీసి అమ్ముకొందమని కొనువారు మోసపోవునది ఇక్కడనే. అమ్మువాడు రెండు పక్షులను చూపి జత యనును. రెండును మగవైనచో గ్రుడ్లుండవు. రెండును పెట్టలైనచో గ్రుడ్లు పెట్టి పొదుగును గాని పిల్లలు రావు. కొన్నవాడు మేతను నిందించుచు నెలలు గడుపును. జీబ్రా ఫించి పెట్ట సాధారణముగా 4 మొదలు 6 గ్రుడ్లు పెట్టును. ఒకే గూటిలో 8, 10 కనబడినచో పెట్టలు రెండేమో యని అనుమానింపవలెను. పొదిగిన వారము దినములకు గ్రుడ్డును దీపపు వెలుగునకు అడ్డుపెట్టి చూడుడు. లోపల ఎఱ్ఱని నరములు లేనిచో అది వట్టి గ్రుడ్డు.

జీబ్రా ఫించి ఆస్ట్రేలియా దేశపు పక్షి. మగదానికి చెంపలపై నారింజరంగు మచ్చలు, రొమ్ముపై నల్లని చారలు, డొక్కల ప్రక్కన ఇటుకరంగు మీద తెల్లని చుక్కలు ఉండును. పెట్టకు ఇవి లేవు, ఒళ్ళంతయు బూడిదరంగే. పూర్తిగా తెల్లని రకములో ముక్కే ఆధారము: మగదానిది ముదురెఱుపు, పెట్టది లేత నారింజ. గూడు విడిచిన పిల్లల ముక్కు నల్లగా నుండును గనుక 3 నెలలు నిండువరకు తొందరపడి కొనవలదు.

బెంగాలీ ఫించి విషయము వేరు. రెండింటికి ఒకే రూపము. పాడునది మగది. ఒక పక్షిని ఒక దినము వేరు గదిలో నుంచి, మరల తోటివానిలో విడువుడు. మగదైనచో ఈకలుబ్బించి పాడును. పాడినదాని కాలికి రంగు కడియము వేయుడు. పాడనంతమాత్రమున పెట్ట యని ఒక్కనాటిలో తేల్చరాదు. నాలుగైదు మారులు చూడవలెను. ఓపిక లేనివారు ఈ జాతి జోలికి పోకుండుటయే మేలని నా అభిప్రాయము.

ఇక మన పొలముల జీనువాయి పిట్టలు. ఎఱ్ఱ జీనువాయి మగది గ్రుడ్లు పెట్టు ఋతువులో కుంకుమరంగుతో ముచ్చటగా నుండును. తక్కిన కాలమున ఇంచుమించు పెట్టను పోలియుండును. ఎంత ముచ్చటైనను ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద మన అడవి పక్షులను పట్టుట, అమ్ముట, పంజరములో నుంచుట నేరము. కొందరు వీనికే రంగులు పూసి విదేశపు పక్షులని అమ్ముదురు. తడిగుడ్డతో రుద్దినపుడు రంగు అంటినచో కొనవలదు.

మేతకు మీ ఇంటి కొర్రలు, సజ్జలు చాలును. విత్తుటకై మందు పట్టించిన గింజలను మాత్రము ఒక్కటియు వేయకుడు. విత్తనపు సంచిని పంజరము దరిదాపులలో నుంచకుడు.